అన్నయ్య కంటి ఎత్తు

వీధిలో అందరూ ఆవిడను కత్తెర అనే పిలుస్తారు. బట్టలు కుట్టే మనిషి కాబట్టి కాదు, ఆ నోరు అలాంటిది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. చంక దగ్గర బిగుతైందని ఎవరైనా చొక్కా వెనక్కి తెస్తే, "కొలతిచ్చిన రోజు ఊపిరి బిగబట్టి నిలబడి, ఇప్పుడు నన్నంటావేం?" అని కడిగి పారేస్తుంది. కడిగాక, విప్పి మళ్లీ కుట్టి ఇస్తుంది. మెడలో టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు.

అన్నయ్యంటే మాత్రం ప్రాణం. పెద్ద పెద్ద మేడలు కట్టేచోట క్రేన్ నడిపేవాడాయన. చెల్లెలికి కుట్టుమిషను కొనిపెట్టింది ఆయనే. ఒకరోజు క్రేన్ నిచ్చెన మెట్టు ఊడి కిందపడ్డాడు. అప్పట్నుంచీ చక్రాల కుర్చీలో, చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని, "పైన కేబిన్‌లో ఉన్నప్పుడు చంద్రుడు సరిగ్గా నా కళ్లకెదురుగా వచ్చేవాడే. ఆ మచ్చలేంటో ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలనుంది," అన్నాడు.

"టెలిస్కోపు కొంటే పోదూ?" అన్నాడు కత్తెర మొగుడు.

"అడక్క అడక్క ఒక్కటి అడిగాడు మా అన్నయ్య! షాపులోంచి తెచ్చి పడేస్తానా? నా చేత్తో చేస్తాను!"

కళ్లద్దాల షాపాయన అంతకుముందు రెండు మూడు టెలిస్కోపులు చేసిన మనిషి. ఆయన్ను ఇంటికి పిలిచింది. ముందుగదిలో నలుగురూ కూర్చున్నారు. "లెన్సులది వద్దమ్మా, నాలుగు ముఖాలు అరగదియ్యాలి. అద్దానిదైతే ఒక్క ముఖమే," అన్నాడాయన. "రుద్ది రుద్ది గుంట చెయ్యాలి. గుంట లోతు తక్కువైతే గొట్టం పొడుగవుతుంది, ఎక్కువైతే పొట్టి. పొడుగుదాంట్లో మన చిన్నచిన్న తప్పులు తెలియవు. పొట్టిదాంట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ అలికినట్టుంటుంది. మొదటిసారి కదా, పొడుగుదే మేలు."

"పొట్టిదైతే మొయ్యడం తేలిక," అన్నాడు మొగుడు.

"మోతబరువు చూసుకుంటున్నారా మీరు? రేపు మా అన్నయ్యకు చంద్రుడు మసగ్గా కనిపిస్తే ఎవరిది పూచీ?"

"అది కాదే, చూసేది నేను..." అని అన్నయ్య ఏదో అనబోయాడు.

"నువ్వుండు అన్నయ్యా! ఈ గొడవంతా నీకోసమే కదా!"

పొడుగుదే ఖాయమైంది.

పెరట్లో డ్రమ్ము బోర్లించి, దానిమీద ఒక అద్దం బిగించి, గరుకు పొడి చల్లి, రెండో అద్దంతో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ నెలల తరబడి తిరిగింది కత్తెర. కుట్టాల్సిన బట్టలు గుట్టపడ్డాయి. అడిగినవాళ్లకు చీవాట్లు పడ్డాయి.

"ఇలా ఇవ్వు, కాసేపు నేను రుద్దుతా," అన్నాడు అన్నయ్య.

"నీకెందుకు శ్రమ? నువ్వు హాయిగా కూర్చో!"

"కూర్చునే ఉన్నాగా," అన్నాడాయన.

చెక్క గొట్టం మొగుడి కంటే ఎత్తు తేలింది. అద్దానికి వెండిపూత పడ్డ మర్నాడు, పొద్దుగూకే వేళకే చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నాడు. కళ్లద్దాల షాపాయన కూడా వచ్చాడు. ముందు కత్తెరే చూసింది. కొండలు, గుంటలు, వాటి నీడలు! "అన్నయ్యా, రా! త్వరగా రా!" అని కేకపెట్టింది.

మొగుడు కుర్చీ తోసుకొచ్చాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అద్దం గొట్టం అడుగున ఉండటంతో, కన్ను పెట్టాల్సిన చోటు పైకొసన, కత్తెర కంటి ఎత్తున ఉంది. అన్నయ్య తల ఆవిడ భుజం కిందే ఆగిపోయింది.

"మీరైనా చెప్పొద్దూ!" అని షాపాయన మీద పడింది. "కొయ్యలా నిలబడతారేం!" అని మొగుడి మీద పడింది.

"చంద్రుడు కిందికి దిగితే గొట్టమూ వాలుతుంది, అందాకా ఆగుదాం," అన్నాడు మొగుడు.

"దిగేసరికి ఎదురుమేడ అడ్డం!"

"పోనీ, మేమిద్దరం ఆయన్ను ఎత్తి పట్టుకుంటాం," అన్నాడు షాపాయన.

అంతే, అన్నయ్య కుర్చీ చేతి మీద దబ్బున చరిచాడు. "ఎత్తడానికి నేనేమన్నా మూటనా? ఆరోజు చెప్పబోతే నువ్వుండన్నావు. రుద్దుతానంటే కూర్చోమన్నావు. ఊళ్లో వాళ్లందరికీ ఒళ్లు చూసి కొలత తీస్తావే, ఇందులో చూడాల్సినవాణ్ణి నాకు కొలత అక్కర్లేదా? నాకు నడుం పడిపోయిందిగానీ నోరు పడిపోలేదే!"

కత్తెర తిట్టడానికి చుట్టూ చూసింది. ఇంక తిట్టాల్సిన మనిషి తనే మిగిలింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

"ఎలా ఉందో నేను చూసి చెప్పనా అన్నయ్యా?" అంది చివరికి, గొంతు తగ్గించి.

"నాకెవరూ చెప్పక్కర్లేదు. నేను చూడాలి."

ఆవిడ మెడలోని టేపు తీసి, కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. నేల నుంచి ఆయన కంటిదాకా కొలిచింది. సరిచూసుకోడానికి మళ్లీ కొలిచింది.

"ఏది చేద్దాం అన్నయ్యా, పొడుగుదా, పొట్టిదా?"

"పొట్టిదైతే చాలా కష్టమమ్మా..." అని షాపాయన మొదలెట్టాడు.

"మీరుండండి," అంది కత్తెర. "అన్నయ్య చెప్తున్నాడు."

"పొట్టిదే," అన్నాడు అన్నయ్య. "ఆ డ్రమ్ము తీసేసి, నాకందేలా బల్ల వెయ్యి. రుద్దేది నేను."