టేపమ్మ కూతురి వంతు

దేశసేవ కేంద్రంలో యూనిఫాంల గది ఆమెది. ఏటా చీట్లు తీస్తారు. చీటీ వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లలు రెండేళ్లు సేవ చేసి తీరాలి. ఆ చట్టం వచ్చిన నాటి నుంచి వాళ్లందరి కొలతలూ తీసింది ఆమే. మెడలో టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరికీ టేపమ్మ అయింది.

మొదటి ఏడాది వరసలో సొంత తమ్ముడు నిలబడ్డాడు. ఛాతీ ముప్పై నాలుగు. శిక్షణలో లారీ బోల్తా పడి చనిపోయాడు. ఏడుపు వస్తుందేమోనని ఆమె కొన్నాళ్లు చూసింది. రాలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ల ముఖాలు చూడటం మానేసి, అంకెలే రాసుకుంటూ పోయింది. అలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

ఈసారి చీటీ కూతురికి వచ్చింది.

వైద్య పరీక్షలు చేసే డాక్టరు పాత పరిచయం. గది గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు.

"అరికాళ్లు చదునుగా ఉన్నాయి, సేవకు పనికిరాదని ఒక్క ముక్క రాస్తాను, టేపమ్మా. మూడో కంటికి తెలియదు."

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ టేపమ్మ ఆ మాటే కూతురికి చెప్పింది. కూతురు తుడుస్తున్న పళ్లెం పక్కన పెట్టింది.

"నా బదులు ఎవరు వెళ్తారమ్మా?"

"ఇంకో చీటీ తీస్తారు."

"ఆ పిల్లకీ అమ్మ ఉంటుందిగా?"

"ఉంటుంది."

"బలవంతంగా లాక్కెళ్లడం తప్పే. కానీ నేను తప్పుకుంటే ఆ తప్పు ఇంకొకళ్ల నెత్తిన పడుతుంది. నువ్వు వద్దంటే మానేస్తాను. వద్దంటావా?"

వద్దన్న మాట నోటిదాకా వచ్చింది. టేపమ్మ కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది.

"ఏది ఒప్పో నాకు తెలీదే," అంది.

సోమవారం కూతురు వరసలో వచ్చింది. టేపమ్మ అందరికీ చెప్పినట్టే చేతులెత్తమంది. ముప్పై రెండు.

"కాస్త వదులుది ఇవ్వమ్మా, అక్కడ తిని లావెక్కుతాను," అంది కూతురు. వెనకవాళ్లు నవ్వారు. టేపమ్మ ముప్పై నాలుగు సైజుది తీసిచ్చి, తర్వాతి మనిషిని పిలిచింది.

కూతుర్ని నది గట్టు కట్టే పనిలో వేశారు. రాళ్లు పేల్చేచోట ఒకరోజు ఆ మోతకి ఎడమ చెవి వినపడకుండా పోయింది. రెండేళ్లకు ఇంటికొచ్చేసరికి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

"పిల్ల క్షేమంగా వచ్చింది, అదే పదివేలు," అంది పక్కింటావిడ. "నలుగురికీ పనికొచ్చింది కూడాను."

"ఆ," అంది టేపమ్మ. సంతోషం కోసం లోపల వెతుక్కుంది. అలసట తప్ప ఏమీ చేతికి తగల్లేదు.

మధ్యాహ్నం కూతురు కిటికీ దగ్గర కూర్చుని ఉంది. టేపమ్మ పళ్లెంలో వడ్డించి పిలిచింది. కూతురు కదల్లేదు. టేపమ్మ కుర్చీ చుట్టూ తిరిగి, కుడివైపుకి వచ్చి నిలబడింది.

"తిందువు గాని, రా అమ్మా."