పది నిమిషాల అంచు

మా వర్క్‌షాప్‌లో ఒక నియమం ఉంది. మిల్లింగ్ మిషన్‌లో లోహాన్ని కోసే చిన్న బిళ్లను ఇన్సర్ట్ అంటాం. దాని అంచు అరిగితే స్టోర్ కిటికీ దగ్గరికి వెళ్లి, పాతది చూపించి, కొత్తది చేతిలో వేయించుకోవాలి. మామూలు ఇనుము కోసేటప్పుడు ఒక్క అంచు పూటంతా వస్తుంది. నికెల్ మిశ్రమలోహం అలా కాదు. ఎంత కాలినా మెత్తబడదు, కోతలో పుట్టిన వేడినంతా బిళ్ల మీదికే తోస్తుంది. పది నిమిషాలకు ఒక అంచు పోతుంది. అంటే పది నిమిషాలకోసారి నేను ఆ కిటికీ ముందు చెయ్యి చాచి నిలబడాలి.

కిటికీ అవతల కూర్చునే స్టోర్‌కీపర్ తండ్రి ఒకప్పుడు రెజిమెంటల్ బజార్‌లో మా తాతగారి దుకాణంలో పప్పులు తూచేవాడు. ఆ వరుసలో నాలుగు మడిగెలు మావి. ఇప్పుడు ఒక్కటీ మాది కాదు. నేను యాప్రాల్‌లో అద్దెకుంటూ రోజూ బస్సెక్కి పనికి వస్తాను. ఇస్త్రీ లేని చొక్కాతో మాత్రం ఎన్నడూ రాలేదు.

ఆ పొద్దున నా మిషన్ మీద ఒక పెద్ద నికెల్ వలయం ఉంది. మా షెడ్డుకు అలాంటి పని రావడం అదే మొదటిసారి. మొత్తం మూడు వలయాలు చేయాలి, ఇది బాగా వస్తే మిగతా రెండూ నావేననీ, లేకుంటే మిషన్ వేరేవాళ్లకు ఇవ్వక తప్పదనీ మేనేజర్ ముందే చెప్పాడు. నాకు మిగిలిన మర్యాదంతా ఆ మిషనే.

కోత మొదలైన గంటలోపే, భోజనాల వేళకు ముందు, నాలుగోసారి కిటికీ దగ్గరికి వెళ్లాను. స్టోర్‌కీపర్ నా బిళ్లను భూతద్దం కింద పెట్టి, వెనక నిలబడ్డవాళ్లకు వినబడేలా అన్నాడు.

“ఏం సేటూ, గిది సుత అయిపోయిందా? మీ తాత ఒక్క గొడుగు ముప్పై ఏండ్లు వాడిండని మా నాయన చెప్పెటోడు. నువ్వేందీ, బఠాణీలు నమిలినట్టు నములుతున్నవ్!”

“నమిలేది నేను కాదు, లోహం.”

“అరే, గుస్సా ఎందుకు సేటూ? తీస్కో. జెర పైలంగ నడుపు.”

అందరూ నవ్వారు. నేను వీపు వంచకుండా తిరిగి వచ్చాను.

ఆ కొత్త అంచుకు పది నిమిషాలు నిండేసరికి శబ్దం మారింది. నిండుగా వచ్చే మోత సన్నని కూతగా తేలింది. ఆపాలి. కానీ ఇంకొక్క వరస కోత మిగిలింది. మళ్లీ కిటికీకి వెళ్లడం ఇష్టంలేక, ఉన్న బిళ్లనే కాపాడుకుందామని మిషన్‌ను మెల్లగా ముందుకు నడిపాను. ఇనుము మీద అయితే ఆ జాగ్రత్త చెల్లుతుంది. నికెల్‌ను కోయకుండా రుద్దితే దాని పైపొర ఇంకా గట్టిపడుతుంది. ఆ సంగతి ఈ షెడ్డులో ఇద్దరికి నేర్పింది నేనే. తెలిసే రుద్దాను. బిళ్ల మూల విరిగి వలయం గోడలో దిగబడింది. గోరు ఇరుక్కునేంత గాటు. దాన్ని చెక్కి సరిచేయడానికి అక్కడ మిగులు లోహం లేదు.

కొలతలు చూసే ఇన్‌స్పెక్టర్ కాకినాడ వైపు నుంచి వచ్చినావిడ. టార్చి వేసి చూసి, గొంతు తగ్గించింది.

“బిళ్లకి ముందే బీట ఉందేమోనండీ? స్టోర్లో చూడకుండా ఇచ్చేశారని రాసేస్తాను. మీకేం ఇబ్బంది ఉండదు.”

నేను తలూపితే చాలు, తప్పు కిటికీ అవతలికి పోయేది, మిషన్ నా దగ్గరే ఉండేది. మా దుకాణంలో పప్పులు తూచినవాడి కొడుకు వెనక దాక్కోవడం నా వల్ల కాలేదు. దాన్ని మంచితనం అనుకోవద్దు.

“బిళ్ల బాగానే ఉందమ్మా. శబ్దం మారడం విన్నాను. ఆపలేదు.”

“ఎందుకాపలేదండీ?”

విరిగిన బిళ్లను విప్పి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ నేనన్నది అన్నట్టే రాసుకుంది.

మేనేజర్ ఆ కాగితం చదివి తల పట్టుకున్నాడు. “మర్చిపోయిన అంటే ఏమన్న చేస్తుంటి సార్. ఎరికుండి చేసిన అంటే, మిమ్మల్ని గా మిషన్ మీద ఎట్ల ఉంచాలె, చెప్పుండ్రి?”

మర్నాటి నుంచి షెడ్డు వెనక ఇనప రేకులకు రంధ్రాలు వేస్తున్నాను. మిగిలిన రెండు వలయాలు నేను పని నేర్పినవాళ్లలో ఒకరికి ఇచ్చారు. పది నిమిషాలకోసారి అతని మిషన్ ఆగుతుంది. అతను కిటికీకి వెళ్తాడు, ఏదో ఒక మాట పడతాడు, తానూ నవ్వుతాడు, బిళ్ల తీసుకుని వస్తాడు. మళ్లీ మిషన్ మొదలవుతుంది. అంత మామూలు పని. యాభై నాలుగేళ్లు వచ్చాయి, ఇక అది నేను నేర్చుకోలేను.