ఇంటూ గుర్తు పడిన ఇళ్ళు

ఊరు ఊరంతా కలిసి తన్నబోయిన ఆర్థికశాస్త్ర పరిశోధకుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలు చదవండి. ఆ పరిశోధకుణ్ణి నేనే. తన్నులు ఎలాగో తప్పాయి గానీ, ఆ రోజు పట్టుకున్న భయం ఇప్పటికీ నాతోనే కాపురం ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. నాది ప్రొద్దుటూరు. పంటలు పెరిగి సంపద పెరుగుతుంటే, ఆ పెరిగింది ఎవరింటికి చేరుతోందో తేల్చడం నా డాక్టరేటు పని. దానికోసం జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో మూడు నెలలు మకాం వేసి, గడపగడపకూ తిరిగి ప్రశ్నలతో జనాన్ని చంపుకుతిన్నాను. బడి అయ్యవారు నరసింహులు గారు పాపం తన వసారాలో చోటిచ్చి, సంగటి పెట్టి పోషించారు.

ఆ ఊళ్ళో ఉన్నవి రెండే వీధులు, పైవీధి, కిందవీధి. రెండింటికీ ముందునుంచీ పడదు. ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఈ సంగతి అయ్యవారు మొదటిరోజే చెబితే శ్రద్ధగా పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన బుర్రకెక్కాలని ఎక్కడుంది, మీరే చెప్పండి!

మూడు నెలలూ ముగిసే ముందు ఒకరోజు, మర్నాడు ఉదయం బస్సుకు వస్తున్నానని మా ప్రొఫెసరు గారి కార్డు అందింది. ఆయన మెచ్చితేనే నా పని ముందుకు సాగేది. ఏ ఇంటి రాబడి పెరిగిందో, ఏ ఇంటిది పెరగలేదో ఆయనకు కళ్ళకు కట్టినట్టు చూపించాలని నాకు పిచ్చి ఆలోచన పుట్టింది. శనక్కాయలు పీకడానికి ఊరంతా చేలకు పోయిన మిట్టమధ్యాహ్నం, బళ్ళోంచి సుద్దముక్క తెచ్చి ప్రతి తలుపు మీదా గుర్తు పెట్టాను. రాబడి పెరిగిన ఇంటికి గుండ్రం, పెరగని ఇంటికి ఇంటూ. పెట్టి, వసారాలో హాయిగా గురక తీశాను.

పొద్దు వాలేవేళ అయ్యవారు నన్ను కుదిపి లేపారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తలుపుల మింద ఆ గుర్తులు పెట్టింది నువ్వేనా?"

"నేనే సార్. బాగున్నాయా?"

"నీ నోట్లో మన్ను బడ! కిందవీధికంతా ఇంటూలే గదయ్యా! నరకాల్సిన ఇండ్లకు పైవీధోళ్ళు గుర్తులు పెట్టుకున్నారని వాళ్ళు కట్టెలు తీస్తాండారు. వాళ్ళు కట్టెలు తీసినారని వీళ్ళు కొడవండ్లు తీస్తాండారు!"

చెప్పుల కోసం తడుముకున్నాను. "ఎనక నుంచి పారిపోయే దోవ ఏమన్నా ఉందా సార్?"

"ఉంది. అది కిందవీధిలోకి పోతాది."

నేను పారిపోతే ఎవరి తల పగిలినా నా సుద్దముక్కే పగలగొట్టినట్టు. ధైర్యంతో కాదండీ, అంతకంటే పెద్ద భయంతో లేచి, రెండు వీధులూ కలిసే చోటికి వెళ్ళి రెండు గుంపుల మధ్యా నిలబడ్డాను.

"కొట్టుకోవద్దండీ! ఆ గుర్తులు నేను పెట్టినవి. గుండ్రం అంటే రాబడి పెరిగినట్టు, ఇంటూ అంటే పెరగనట్టు. అంతే!"

కట్టెలు దిగాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. తొందరపడ్డాను.

కిందవీధి పెద్ద ఓబులేసు ముందుకొచ్చాడు. "అంటే మేం పైకి రాలేదని వాకిలి మింద రాసినావా? రేపు మావోనికి పిల్లనిచ్చేటోళ్ళు ఇల్లు జూడను వస్తాండారు. ఇది జూస్తే ఎవుడిస్తాడప్పా? గుండ్రం ఏయ్!"

పైవీధి పెద్ద సుబ్బయ్య కొడవలి భుజం మార్చుకున్నాడు. "మాకు పెరిగిందని రాసి పన్నులోళ్ళను పిలుస్తాండావా? ఇంటూ ఏయ్!"

"అయ్యా, నీళ్ళు తోడే ఆయిలింజన్లన్నీ మీ బావులకే గదా..."

"ఏయ్ అంటాంటే!"

జన్మలో ఒక మాట మీద నిలబడని రెండు వీధులూ ఆ సాయంత్రం ఏకమై నా వెనక నడిచాయి. వాళ్ళు చెప్పినట్టే మార్చి గీసుకుంటూ పోతే, ఆ హడావిడిలో గుండ్రాలన్నీ వంకాయల్లా వచ్చాయి. ఓబులేసు తన తలుపు మీది ఇంటూను తువ్వాలతో తుడుస్తూ మెల్లగా అన్నాడు. "నువ్వు రాసింది నిజమేలే నాయనా. కానీ మావోని పెండ్లి గాకముందే రాయాల్నా?" అంత భయంలోనూ సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తెల్లవారి ప్రొఫెసరు గారు వచ్చారు. బోదగడ్డి కప్పిన కొట్టాలకు గుండ్రాలు, రెండంతస్తుల మిద్దెలకు ఇంటూలు. అర్థం అడిగితే చెప్పాను. ఆయన కళ్ళు చెమర్చాయి.

"పెరిగిందంతా పేదవాళ్ళకే చేరిందా! నిజమేనా?"

అరుగు మీద సుబ్బయ్య కొడవలి నూరుకుంటూ నావైపే చూస్తున్నాడు.

"నిజమే సార్," అన్నాను.

ఆయనతోపాటు ఎక్కిన తిరుగు బస్సు ఊరి పొలిమేర దాటాక ఉన్నదంతా కక్కేశాను. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. ప్రొఫెసరు గారు నా లెక్కల పుస్తకం తీసుకుని తిరగేసి అన్నారు. "ఏ ప్రభుత్వం వల్లా కాని ఆదాయ పంపిణీ ఒక్క సుద్దముక్కతో గంటలో చేశావు. డాక్టరేటు మాత్రం మొదటి గుర్తులకే ఇస్తాను."

తర్వాత పులివెందుల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. సుద్దముక్క పట్టక తప్పదు. అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కొట్టమైనా మిద్దైనా ఎవరి తలుపు మీదా నా చేత్తో గీత గీయను. ఓబులేసు కొడుక్కి ఆ సంబంధం ఖాయమైంది. రెండోవాడికి చూస్తున్నారట, వచ్చి ఇంకో గుండ్రం వేసి పొమ్మని కబురు పంపాడు. ఒంట్లో బాగాలేదని జవాబు రాశాను.