పటాన్‌చెరు హాస్టలుకు ఇంటాయన ఎవరు?

"గవర్నమెంటు హాస్టలు ఉండంగ కిరాయి రూము ఎందుకే? పైసలు ఎక్కువైనయా?"

"అది తెరవలేదని ఎన్నిసార్లు చెప్పాలె అమ్మమ్మా? సోమవారం నుంచి నాకు పొద్దుగాల ఆరింటి డ్యూటీ. ఇక్కడి నుంచి ఫస్టు బస్సు పట్టుకున్నా అందదు. లేటయితే తీసేస్తమన్నరు."

"తాళం ఉంటే తీసేటోడు ఉండడా? నేనడుగుత, పా."

"నువ్వడగంగనే ఢిల్లీ నుంచి ఉరికొస్తరు మరి!"

సరిత నా పెద్ద కూతురి బిడ్డ. హత్నూరలో నా దగ్గరే ఉంటూ పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తుంది. బీరంగూడలో స్నేహితురాలితో కలిసి ఉండడానికి ఒక గది చూసుకుంది. సగం జీతం కిరాయికే పోతుంది. పైగా తెలియని చోట ఇద్దరే ఆడపిల్లలు. నేను ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీల మధ్యనే ఆడవాళ్ల కోసం కొత్త హాస్టలు కట్టారని, ప్రాంతాల అభివృద్ధి చూసే ఢిల్లీ మంత్రిత్వ శాఖ దానికి డబ్బు ఇచ్చిందని, ఫోనులో ఫోటో చూపించింది తనే. బోర్డు మీద మూడు సింహాలున్నాయి. నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. మూడు సింహాలున్న చోట ఆధార్ కార్డు చూపిస్తే పని అవుతుందని నా లెక్క. పోస్టాఫీసులో అట్లాగే అవుతుంది.

శుక్రవారం ఏడున్నరకు సంగారెడ్డి బస్సెక్కాం. ఆడవాళ్లకు డబ్బులు లేని జీరో టికెట్టు. వెళ్లేవాళ్లు ఆధార్ చేతిలోనే పట్టుకోండి, సంచి అడుగున పెడితే కండక్టరు చికాకు పడతాడు. తొమ్మిదింటికి దిగాం. కలెక్టరాఫీసులో మనుషులు వచ్చేసరికి పదిన్నర దాటింది.

కుర్చీలో ఉన్న అమ్మాయి మంచిగానే చెప్పింది. "ఢిల్లీ శాఖది పైసలిచ్చుడు వరకే అవ్వా. జాగ రాష్ట్రానిది. కట్టించింది పటాన్‌చెరు ఇంజినీర్ల ఆఫీసు. నడిపేటోళ్లను ఇంకా పెట్టలే."

"అయితే ఇంటాయన ఎవరు బిడ్డా?"

ఆమె ఫైలు తెరిచి, కాసేపు చూసి, మూసేసింది. "గట్ల ఒక్కరుండరవ్వా."

"ఒక్కరు లేకుండ ఇల్లెట్ల లేసింది?"

నవ్వి, మంచినీళ్లిచ్చి, పటాన్‌చెరు వెళ్లమంది.

బస్టాండులో జొన్నరొట్టె, పల్లీల కారం తిన్నాం. ఇంటినుంచి తెచ్చినవే. పటాన్‌చెరు బస్సులో నా పక్కన బీరంగూడ ఆమె కూర్చుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లట. సంగతి చెప్పాను.

"సెంట్రల్ గవర్నమెంటంటే మావారు చేసిన ఫ్యాక్టరీయేనండీ నాకు తెలిసింది. చేరిన నెలలోనే క్వార్టరిచ్చారు."

"మరి ఇప్పుడెందుకియ్యరమ్మా?"

"ఇప్పుడు పథకాలిస్తారటండీ," అందామె. తనకూ తెలియదని మొహంలోనే కనిపించింది.

ఒంటిగంటకు పటాన్‌చెరులో దిగి షేర్ ఆటోలో ఆఫీసుకు చేరాం. మనిషికి ముప్పై అడిగాడు, ఇరవైకి ఒప్పించాను. అక్కడి సారు కాగితాలు ముందుకు జరిపాడు. "మేం కట్టించినం, అయిపోయిందని శాఖకు రాసినం. శాఖ నుంచి ఒకాయన వచ్చి చూసి పోయిండు. ఎవరికి అప్పగించాల్నో కాగితం రాలేదమ్మా."

"ఇగ ఆ శాఖ పనేంది సారూ?"

"వెనుకబడిన ప్రాంతాలను ముందుకు తెచ్చుడు."

"మా పిల్లను ఆరింటికల్ల కంపెనీ గేటు ముందటికి తెస్తదా?"

సారు గడియారం చూసి అన్నం తినడానికి లేచాడు. సరిత నా కొంగు పట్టి బయటికి లాగింది.

హాస్టలు అక్కడికి పావుగంట నడక. మూడంతస్తులు, కొత్త రంగు. గేటు దగ్గర ఒరిస్సా వాచ్‌మన్, పక్కన రేకుల గుడిసె. లోపల మంచాలు, ఫ్యాన్లు, నీళ్లు అన్నీ ఉన్నాయని హిందీలో చెప్పాడు. కిటికీలోంచి చూశాను. పరుపులకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.

"ఒక్క మంచం ఇయ్యి భయ్యా. దుప్పటి మేమే తెచ్చుకుంటం."

"చాబీ హై అమ్మా, హుకుం నహీ," అని దండం పెట్టాడు. తాళంచెవి ఉంది, హుకుం లేదు. నువ్వైనా లోపల పడుకుంటావా అని అడిగితే గుడిసె వైపు చూపించాడు.

నాలుగింటి బస్సులో సంగారెడ్డి దాకా నిలబడే వచ్చాం. ఒకరు డబ్బిచ్చారు, ఒకరు జాగ ఇచ్చారు, ఒకరు కట్టించారు. అందరూ మర్యాదగా మాట్లాడారు, ఎవరూ అబద్ధం చెప్పినట్టు లేదు. అక్కడ మంచాలున్నాయి, ఇక్కడ పిల్లలున్నారు. మధ్యలో ఏముందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. "నేను చెప్పలేదా" అని సరిత ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

హత్నూర బస్సులో సీటు దొరికాక అడిగాను. "బీరంగూడ రూము ఎంతుంటది?"

"మూడు చాపలు పరుస్తే నిండుతది."

"మూడు చాలు."

"మూడోది ఎవరికి?" అంది. నేను ఎన్ని కిలోల బియ్యం కట్టుకోవాలో వేళ్ల మీద లెక్కేసుకున్నాను.

మరునాడు పొద్దున బర్రెను పక్కింటి లక్ష్మికి అప్పజెప్పాను. చిన్న గ్యాసుపొయ్యి, పది కిలోల బియ్యం, మూడు చాపలు కట్టుకుని మొదటి బస్సులో సరితతో బీరంగూడ వెళ్లాను. గది ఊడ్చి, కడిగి, సరిత స్నేహితురాలు వచ్చేసరికి ముగ్గురికీ అన్నం వండాను.