మొదటి పేరు ఆయనదే

మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. అక్కడ ఎవరు పరిశోధనాపత్రం రాసినా మొదటి పేరు చైర్మన్‌దే. శామీర్‌పేట దాటాక ఒక ఊళ్లో బోరునీళ్లు తాగడానికి పనికిరావని తేల్చిన నా పత్రంలో ఆయన పేరు వేయలేదు. పిలిచి చెంప పగలగొట్టాడు.

"నా పేరు వెడ్తవా, నౌకరి ఇడిసిపెడ్తవా?"

పెట్టాను. చదవకుండానే సంతకం చేశాడు. ఆయన ప్లాట్లు అమ్ముకున్నది ఆ ఊళ్లోనే!

పత్రం అచ్చయ్యాక, ప్లాట్లు కొన్నవాళ్లు కర్రలతో కాలేజీ మీద పడ్డారు.

"నీళ్లల్ల విషముందని నువ్వే రాసి, మాకెట్ల అమ్మినవ్‌రా?"

అద్దాలు పగిలాయి, ఆయన తల పగిలింది. నెత్తురు తుడుచుకుంటూ నన్ను చూపించి అరిచాడు:

"నేను రాయలే! మొత్తం గీ మేడమే రాసింది!"

కర్రలన్నీ నావైపు తిరిగాయి. "అవును, నేనే రాసిన. ఆ నీళ్లు ఎవ్వరు తాగొద్దనే రాసిన" అన్నాను. ఒక్కొక్కటే కిందికి దిగాయి.

అచ్చులో ఇప్పటికీ ఆయన పేరే ముందుంది. నా పేరు నాకు దక్కింది మాత్రం ఆ రోజే.