వరస తప్పిన కట్ట

అటెండరు చిట్టియ్యకు మనుషుల మీద నమ్మకం తక్కువ, రోల్ నంబర్ల మీద ఎక్కువ. యూనివర్సిటీలో ఇరవై ఆరేళ్ళుగా పరీక్ష కాగితాలు పోగుచేస్తున్నాడు. ఒక్కనాడూ వరస తప్పలేదు. పిల్లల్ని నంబరు ప్రకారం కూర్చోబెట్టి, గది దాటేలోపే ఒకటి నుంచి అరవై దాకా పేర్చి కట్ట కట్టేస్తాడు. నిద్రలో లేపి చేతికిచ్చినా పేర్చగలడు.

అలాంటివాడి దగ్గరికి సైకాలజీ మేడం ఫణిశ్రీ పేరూ నంబరూ లేని ప్రశ్నల కాగితాలు పట్టుకొచ్చింది. కష్టం వచ్చినప్పుడు పిల్లల మనసు విరుగుతుందో, వంగి మళ్ళీ నిలబడుతుందో కొలుస్తుందట.

"మార్కులుండవు. ఎవరు రాశారో ఎవరికీ తెలీదు చిట్టియ్యగారూ," అంది.

"తెలీకపోతే రాయించడం దేనికండీ?" అన్నాడు. ఇందులో ఏదో మెలిక ఉందని అతని అనుమానం.

అనుమానం ఇంట్లోనూ ఉంది. ఆ కాగితాలు రాయబోయేది కూతురు మెర్సీ క్లాసే. రోజూ కొవ్వూరు నుంచి అతని బండి వెనక కూర్చుని గోదావరి బ్రిడ్జి పొడుగునా వాగే పిల్ల, రెండు నెలలుగా నోరు విప్పడం లేదు. చర్చిలో పాడడం మానేసింది. అడిగితే "ఏం లేదు డాడీ" అంటుంది. ఎవడైనా ఏడిపిస్తున్నాడా? చదువు ఎక్కడం లేదా?

పిల్లలు రాయడం అయ్యాక చిట్టియ్య ఎప్పటిలాగే, నంబరు ప్రకారం కూర్చున్న వరసలోనే పోగుచేశాడు. వరండాలోకి వచ్చి ఇరవై మూడోది లాగాడు. మెర్సీది. తప్పని తెలుసు, చెయ్యి ఆగలేదు.

'బాధ నన్ను పని చేసుకోనివ్వదు.' 'నా ఆలోచనలంటే నాకే భయం.' అన్నిటికీ ఒకటే టిక్కు: ఎప్పుడూ లేదు.

మొన్న ఆదివారం తలుపు వెనక ఆ పిల్ల వెక్కివెక్కి ఏడవడం అతను చెవులారా విన్నాడు. మరి ఈ అబద్ధం ఎవరికోసం? చేతిలో కట్ట చూసుకున్నాడు. ఆ కట్ట ఎలా పేరుస్తాడో మెర్సీకి తెలియనిదా? సిగ్గుతో చచ్చిపోయాడు.

రెండు వారాలకు, కొలత సరిచూసుకోవాలని మేడం అవే ప్రశ్నలు కొత్త కాగితాల మీద మళ్ళీ తెచ్చింది.

"ఈసారి నేను పోగుచెయ్యనండి. ఇష్టమొచ్చిన చోట కూర్చుని రాసి, అట్టపెట్టెలో వెయ్యమనండి," అని మెర్సీకి వినపడేలా చెప్పి బయటికి వచ్చేశాడు. చివర్లో వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆ పెట్టెను నాలుగుసార్లు బాగా కుదిపి మేడం చేతికిచ్చాడు.

సాయంత్రం బ్రిడ్జి మీద అతను ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడానికి పళ్ళు బిగబట్టుకోవాల్సి వచ్చింది. సగం దూరం వచ్చాక వెనకనుంచి గొంతు వినిపించింది.

"డాడీ, నాకేం బాగోట్లేదు."

చిట్టియ్య బండి వేగం తగ్గించాడు.