‘ఒప్పుకున్నాను’కి ఇంగ్లీషు

ఆ అద్దకపు మిల్లులో ఆమె అసలు పేరు హాజరు పుస్తకం రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆమె డిక్షనరీయే. కార్మికులు తమ భాషలో చెప్పుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి పై ఆఫీసుకి పంపడం ఆమె ఉద్యోగం. పైవాళ్లకి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పద్నాలుగేళ్లుగా, సెలవు చీటీ మొదలుకొని కొట్లాటల దాకా, మిల్లులో ఎవరికి ఏం జరిగినా అది ఆమె చేతి మీదుగానే పైకి వెళ్లేది.

ఆమె గది ఒకప్పుడు రంగు డబ్బాలు పెట్టుకున్న కొట్టు. ఒకటే తలుపు. కిటికీ తెరిస్తే జానెడు దూరంలో బాయిలర్ గది గోడ. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గోడ సెగకి కీబోర్డు కూడా వెచ్చబడేది. అయినా మొదట్లో ఆ గదంటే ఆమెకి గర్వంగానే ఉండేది. ఒక మాటకీ దాన్ని పోలిన ఇంకో మాటకీ తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఆమెకి మహా సరదా. హియర్ అంటే ఊరికే చెవిన పడటం, లిజన్ అంటే మనసుపెట్టి వినడం అని క్యాంటీన్‌లో చెబితే అందరూ టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరేవారు. అయితే తను ఇంటావిడ మాట హియర్ చేస్తాడే గాని లిజన్ చెయ్యడన్నమాట అని ఫిట్టరు ఒప్పేసుకుంటే అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఆ సరదానే మేనేజరు మెల్లగా తన పనికి వాడుకున్నాడు. గొంతు పెంచని మనిషి, అమ్మా అనకుండా మాట మొదలుపెట్టడు. యాక్సిడెంట్ అనొద్దు, ఇన్సిడెంట్ అని రాయమన్నాడు ఒకసారి. యాక్సిడెంట్ అని రాస్తే పైనుంచి తనిఖీకి మనుషులు దిగుతారు. ఇన్సిడెంట్ అయితే కాగితం వెళ్లి ఫైల్లో పడుకుంటుంది. మరోసారి, జ్వరంతో రెండో షిఫ్టు చెయ్యలేనన్న మనిషి అనేబుల్ నుంచి అన్‌విల్లింగ్ అయ్యాడు. చెయ్యలేనన్నవాడు చెయ్యనన్నవాడై, ఆ ఏడు ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాడు. ప్రతిసారీ మారేది ఒక్క మాటే. ఒక్క మాట కోసం పై అధికారితో ఏం పేచీ పెట్టుకుంటాం అని ఆమె సర్దుకుపోయేది.

ఆమె భర్త కూడా అక్కడే, మరమ్మతు షెడ్డులో లేతు మీద పనిచేసేవాడు. నడుం పట్టేసి నిలబడలేకపోతే, కూర్చుని చేసుకునే పనికి మార్చింది మేనేజరే. వాళ్లుంటున్న రెండు గదుల క్వార్టరు ఆమె ఉద్యోగం మీద వచ్చింది. ఈ రెండు సంగతులూ మేనేజరు ఎన్నడూ నోటితో ఎత్తలేదు.

బాయిలర్ చూసే పెద్దాయన ముప్పై ఏళ్ల సర్వీసున్నవాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది. ఒక పొద్దున వాల్వు దగ్గర ఆవిరి ఎగజిమ్మి, పక్కనే ఉన్న ఫిట్టరు కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. విచారణలో పెద్దాయన చెప్పింది మూడే మూడు ముక్కలు.

“వాల్వు కారుతోందని సూపర్‌వైజరు గారికి చెప్పాను. ఆర్డరు ఆగిపోతుంది, ముందు వెలిగించు అన్నారు. నేను ఒప్పుకున్నాను.”

ఆమె మూడు ముక్కలూ ఉన్నవున్నట్టు రాసింది. చివరి దానికి ఎగ్రీడ్ అని పెట్టింది. సాయంత్రం మేనేజరు ఆ కాగితం పట్టుకొచ్చి, కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

“ఇదంతా చాంతాడంత ఉందమ్మా. కారుతోందని తెలిసే వెలిగించానని ఆయనే ఒప్పుకున్నాడు కదా. అడ్మిటెడ్ అని ఒక్క వాక్యంలో తేల్చెయ్. ఏదైనా ఒప్పుకోవడమేగా.”

రెండూ ఒకటి కావని ఆమెకి తెలుసు. ఎగ్రీడ్ అంటే ముందు ఎవరో ఒకరు అడిగి ఉండాలి. ఆ మాట వెనకాల సూపర్‌వైజరు నిలబడి ఉంటాడు. అడ్మిటెడ్ అంటే వెనకాల ఎవరూ ఉండరు, తప్పూ ఆ మనిషీ తప్ప. అదే చెబుదామని నోరు తెరిచింది.

“మీ ఆయన నడుం ఎలా ఉందమ్మా?” అన్నాడు మేనేజరు.

పర్వాలేదు సార్ అని, అడ్మిటెడ్ అని టైపు చేసింది.

పదిరోజులకి పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భోజనాల వేళ పెద్దాయన కవరు తెచ్చి చదివి చెప్పమన్నాడు. తెలిసి తప్పు చేసినట్టు ఒప్పుకున్నాడు కనక ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని ఉంది. ‘తెలిసి తప్పు చేసినట్టు’ అన్న ముక్క ఆమె పైకి చదవలేదు. ఒప్పుకున్నావు కాబట్టి తీసేస్తున్నారట బాబాయ్ అని మాత్రం అంది.

పెద్దాయన తలూపాడు. “నిజమేగా తల్లీ, ఒప్పుకున్నాను. నేనన్న మాటే రాశావు. నీదేం తప్పులేదు.”

ఉత్తరం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని లేచాడు. ఆమె ఊరుకుంటే సంగతి అక్కడితో సమసిపోతుంది. తిరిగి తెలుగులో చెప్పేసరికి రెండు మాటలూ మళ్లీ ఒక్కటైపోయాయి, ఆయన నోటితోనే అది నిజమనేశాడు. ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

“కూర్చో బాబాయ్” అని తలుపు వేసింది.

అడిగితే సరేననడం ఒకటి, తప్పు నెత్తిన వేసుకోవడం ఇంకొకటి అని విడమరిచి చెప్పింది. ఆయనకి బోధపడటానికి కాసేపు పట్టింది.

“మరి అలా ఎందుకు రాశావమ్మా?”

“భయమేసింది బాబాయ్.”

ఆయన తిట్టలేదు. గోడకేసి చూస్తూ కూర్చుని, “ఈ గదిలో ఇంత ఉక్కేమిటే, మా బాయిలరే నయం” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఆయన తరఫున అర్జీ రాసింది. మూడు ముక్కలూ ఆయనన్న వరుసలోనే పెట్టింది. మొదటి కాగితంలో మాట మార్చింది తానేనని కింద రాసి సంతకం చేసింది. పైనుంచి ఇద్దరు వచ్చి అందర్నీ విడివిడిగా అడిగారు. సూపర్‌వైజరు తనకేమీ గుర్తులేదన్నాడు. మేనేజరు, అనువాదంలో చిన్న పొరపాటు అన్నాడు. చివరికి పెద్దాయన కాగితంలో డిస్మిస్ అన్నచోట రిటైర్ అని మార్చారు. పెన్షను దక్కింది, ఉద్యోగం దక్కలేదు. ఇకమీదట ఇంగ్లీషులో రాసినది కార్మికుడికి అతని భాషలో తిరిగి చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని కొత్త నియమం పెట్టి, ఇంక ఏ ఇబ్బందీ రాదని వాళ్లిద్దరూ సంతృప్తిగా వెళ్లిపోయారు. తిరిగి చదివితే ఏమవుతుందో చూసింది ఆమె ఒక్కతే. వాళ్లు బయల్దేరేముందు అది చెప్పబోతే, టైమైపోయిందన్నారు.

ఆమెని తీసెయ్యలేదు. ఆ పనికి మరో మనిషి దొరకలేదు. మేనేజరు తన కుర్చీ ఒకటి ఆ గదిలోనే వేయించుకున్నాడు, అంతే. ఆమె రాసేటప్పుడు పక్కనే కూర్చుని, అమ్మా అమ్మా అంటూ స్క్రీన్‌కేసి చూస్తుండేవాడు. రాజీనామా రెండుసార్లు టైపు చేసింది. క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలో తోచక రెండుసార్లూ చెరిపేసింది.

మర్నెల ఆమె భర్తని మళ్లీ పెద్ద లేతు మీద వేశారు. రోజుకి ఎనిమిది గంటలు నిలువుకాళ్ల మీద. వారం రోజులు ఆయన ఆ ఊసెత్తలేదు. ఒక ఆదివారం సాయంత్రం చాప మీద వెల్లకిలా పడుకుని అడిగాడు.

“నన్ను మార్చిన కాగితంలో ఏమని ఉంది? పనిష్‌మెంట్ అనా?”

“కాదు. ట్రాన్స్‌ఫర్ అని.”

“ఎవరు టైపు చేశారు?”

“నేనే.”

ఆయన లేచి కూర్చుని, నడుం పట్టీ ఇలా అందుకో అన్నాడు. ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని పట్టీ చుట్టి బిగించింది. ఊపిరాడట్లేదన్నాడు. కాస్త వదులు చేసి, మళ్లీ కట్టింది.